విశాఖ లారీ యజమానులకు బహిరంగ లేఖ: స్టీరింగ్ ఇచ్చే ముందు గురక గురించి అడగండి

విశాఖపట్నంలో లారీలు నడిపిస్తున్న యజమానులకు, పోర్టు సరుకు తరలించే ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టర్లకు,

నమస్కారం.

డ్రైవర్‌ని పనిలోకి తీసుకునేటప్పుడు మీరు లైసెన్సు చూస్తారు. ఎన్నేళ్ల నుంచి నడుపుతున్నాడో అడుగుతారు. మందు అలవాటు ఉందేమోనని నలుగురినీ వాకబు చేస్తారు. అనంతగిరి ఘాట్ ఎక్కించిన అనుభవం ఉందా అని కూడా కొందరు అడుగుతారు. వీటితో పాటు ఇంకొక్కటి అడగమని ఈ ఉత్తరం రాస్తున్నాను. "రాత్రి గురక పెడతావా? గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోందని మీ ఇంట్లోవాళ్లు ఎప్పుడైనా అన్నారా?"

నేను ఇక్కడే ఒక ఆసుపత్రిలో రాత్రిపూట నిద్ర పరీక్షలు చేసే టెక్నీషియన్‌ని. మా నాన్న లారీ డ్రైవర్. గాజువాకలో పుట్టి పెరిగాను కాబట్టి బత్తా అంటే ఏమిటో, లోడు దొరక్క బండి యార్డులో పడుంటే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. ఇలాంటి ఉత్తరం ఆరోగ్య శాఖకు రాయాలి కదా అని మీకు అనిపించవచ్చు. కానీ డ్రైవర్ ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు బండి తీయాలో చెప్పేది మీరు. కాబట్టి మీకే రాస్తున్నాను.

ముందు గురక సంగతి చెబుతాను. మన ఇళ్లలో ఎవరైనా గుర్రు పెడుతుంటే "ఎంత హాయిగా పడుకున్నాడో" అనుకుంటాం, కుంభకర్ణుడని పేరు పెట్టి నవ్వుకుంటాం. నిద్రలోకి జారాక గొంతు వెనక కండరాలు వదులవుతాయి. నాలుక వెనక్కి వాలుతుంది. అంగిలి వెనక మెత్తటి భాగం, కొండనాలుక కిందికి జారతాయి. ఊపిరి పోయే దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి గాలి దూరేటప్పుడు మెత్తటి భాగాలు అదురుతాయి. మనకు వినిపించే గురక ఆ అదురే. చాలామందిలో వ్యవహారం అంతటితో సరి. జలుబు చేసినప్పుడో, బాగా అలిసిపోయినప్పుడో వచ్చే గురకకు బెంగపడక్కర్లేదు. కొందరిలో మాత్రం ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. దాన్నే డాక్టర్లు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా అంటారు.

అది ఎలా ఉంటుందో నేను దాదాపు ప్రతి రాత్రీ చూస్తాను. అద్దం అవతల మనిషి పడుకుని ఉంటారు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకీ పొట్టకీ చెరో బెల్టు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు, తల మీద వైర్లు. ఇవతల కంప్యూటర్ తెర మీద ఒక్కోదానికి ఒక్కో గీత నడుస్తుంటుంది. ఈ మధ్య పరీక్షకు వచ్చిన ఒక లారీ డ్రైవర్ నిద్రపోయిన కాసేపటికే గురక అద్దం దాటి వినిపించింది. పెరిగి పెరిగి, టక్కున ఆగింది. తెర మీద ముక్కు గాలి గీత చదునుగా అయిపోయింది. బెల్టుల గీతలు మాత్రం కొట్టుకుంటూనే ఉన్నాయి, ఛాతీ గీత పైకి పోతుంటే పొట్ట గీత కిందికి. ఊపిరి కోసం ఒళ్లు పెనుగులాడుతోంది, గొంతులో దారి లేదు. పది సెకన్లు, ఇరవై, ముప్పై. ఆక్సిజన్ అంకె 94 నుంచి 88కి, అక్కణ్ణుంచి 79కి దిగింది. ఆ తర్వాత గాలి కోసం ఒక్కసారిగా ఎగపీలుస్తూ ఉలిక్కిపడ్డారు. కాలు తన్నుకుంది. గుండె వేగం ఎగిసింది. మళ్లీ గురక మొదలైంది. నిమిషం తిరక్కుండా మళ్లీ ఆగింది. తెల్లవార్లూ ఇదే వరస. పొద్దున లేపి అడిగితే "బాగానే పట్టిందమ్మా నిద్ర" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు మేలుకొంటుంది, కానీ అది కొన్ని సెకన్ల మెలకువ కాబట్టి మనిషికి గుర్తుండదు.

పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగితే ఒకటిగా లెక్కిస్తాం. పూర్తిగా ఆగకపోయినా, గాలి బాగా తగ్గి ఆక్సిజన్ పడిపోతే అదీ లెక్కలోకి వస్తుంది. గంటకు 5 లోపు అయితే మామూలే. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. 30 అంటే రెండు నిమిషాలకోసారి గొంతు నొక్కి వదిలినట్టే. అలాంటి రాత్రి గడిపిన మనిషి ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టు కాదు. మీరు డ్రైవర్‌కి సరిపడా విశ్రాంతి ఇచ్చామని నిజాయితీగానే అనుకుంటారు. ఆయన కూడా పడుకునే వచ్చానంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే, అయినా మెదడు మాత్రం రాత్రంతా కాపలా కాసి వచ్చింది.

ఒంటికి జరిగే నష్టం వేరు. ఆక్సిజన్ పడిపోయినప్పుడల్లా ఒళ్లు ప్రాణాపాయం వచ్చినట్టు స్పందిస్తుంది, అడ్రినలిన్ ఎగదన్నుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ లేస్తుంది. ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ ఇలా జరిగితే ఆ బీపీ పగలు కూడా దిగదు. మూడు రకాల మాత్రలు వేసుకున్నా బీపీ అదుపులోకి రానివాళ్లను పరీక్షిస్తే చాలామందిలో స్లీప్ అప్నియా బయటపడుతుంది. గుండె లయ తప్పడం, గుండె వైఫల్యం, పక్షవాతం, టైప్ 2 షుగర్ ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువ. పొద్దున లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి మూడు నాలుగుసార్లు ఒంటేలుకు లేవాల్సి రావడం కూడా దీని గుర్తులే. ఆ చివరిదాన్ని అందరూ షుగర్ మీదికో, వయసు మీదికో తోసేస్తారు. మన తెలుగు సినిమాలకూ హుషారైన పాటలు కట్టిన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో పోయినప్పుడు ఆసుపత్రి డాక్టర్లు చెప్పిన కారణం కూడా ఈ అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియానే. అప్పుడు రెండు మూడు రోజులు టీవీల్లో ఈ మాట వినిపించింది. తర్వాత మరిచిపోయాం.

మా ఇంట్లో కూడా ఇదంతా కళ్లెదుటే జరిగింది. నాన్న ట్రిప్పు నుంచి వచ్చి పడుకుంటే గురక వీధిలోకి వినిపించేది. మధ్యలో ఆగిపోతే అమ్మ ఉలిక్కిపడి లేచి "ఏవండీ, పక్కకి తిరగండి" అని భుజం పట్టుకుని కుదిపేది. నాన్న తిరిగేవారు, మళ్లీ గురక వచ్చేది, అప్పుడు అమ్మ పడుకునేది. గురక వినిపిస్తుంటే అమ్మకు ధైర్యం, ఆగితేనే భయం. బండి మీద ఉన్న రాత్రులు ఆ భుజం కుదిపేది ఎవరు? నలభైలు దాటకముందే నాన్నకు బీపీ వచ్చింది. చూపించుకున్న ప్రతిచోటా మాత్ర మార్చారు, ఉప్పు తగ్గించమన్నారు. నిద్ర ఎలా పడుతోందని ఎవరూ అడగలేదు. చివరికి పక్షవాతం వచ్చి ఎడమ చేయి పడిపోయింది. అదృష్టం, ఆ రోజు ఆయన ఇంట్లో ఉన్నారు. అదే లంకెలపాలెం దగ్గర నిండు లోడుతో ఉండగా జరిగుంటే ఏమయ్యేదో మీలో ఎవరికీ నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక రోడ్డు దగ్గరికి వస్తాను.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా దూసుకుపోతుంది. నాలుగు సెకన్ల కునుకు పడితే 66 మీటర్లు. బొగ్గో, ఎరువులో, స్టీలు కాయిల్సో నింపుకున్న బండి డ్రైవర్ లేకుండా అంత దూరం పోయినట్టే. రాత్రి రెండు నుంచి తెల్లవారుజాము ఐదు దాకా ఎవరికైనా మెదడు మగతగానే ఉంటుంది, మన ఒంట్లో గడియారం అలా కట్టి ఉంది. అప్నియా ఉన్న మనిషికి ఆ మగత ఇంకా పెరుగుతుంది. పోర్టు నుంచి షీలానగర్ మీదుగా హైవే ఎక్కి, అటు అనకాపల్లి వైపో ఇటు ఆనందపురం, తగరపువలస వైపో రాత్రుళ్లు పోయే బండ్లలో ఇలాంటి మనుషులు ఎందరున్నారో మనం లెక్క తీయలేదు. స్లీప్ అప్నియా ఉండి చికిత్స లేని డ్రైవర్లకు యాక్సిడెంట్ అయ్యే అవకాశం మిగతావాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువని చాలా దేశాల్లో తేలింది. మన దగ్గర ప్రమాదం జరిగితే "డ్రైవర్ నిద్రమత్తు" అని పేపర్లో ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఆ మత్తు ఎందుకొచ్చిందో ఎవరూ వెనక్కి పోయి చూడరు. తాగలేదు, ముందురోజు పడుకున్నాడు, అయినా ఎందుకు తూగాడు?

జపాన్‌లో ఈ ప్రశ్న వేసుకున్నారు. 2003 ఫిబ్రవరి 26న అక్కడి బుల్లెట్ రైలు డ్రైవర్ గంటకు 270 కిలోమీటర్ల వేగంలో దాదాపు ఎనిమిది నిమిషాలు నిద్రపోయాడు. ఒకయామా స్టేషన్‌లో ఆటోమేటిక్ బ్రేకు రైలును ఆపింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పరీక్ష చేస్తే ఆయనకు స్లీప్ అప్నియా ఉందని తేలింది. ఆ తర్వాత అక్కడి రవాణా సంస్థల్లో డ్రైవర్లకు ఈ పరీక్షలు చేయించడం బాగా పెరిగింది. న్యూయార్క్‌లో అదృష్టం అలా కలిసి రాలేదు. 2013 డిసెంబర్ 1న ఒక లోకల్ రైలు మలుపులో పట్టాలు తప్పి నలుగురు చనిపోయారు. దాన్ని నడిపిన మనిషికి తీవ్రమైన స్లీప్ అప్నియా ఉంది, అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. మన లారీల్లో డ్రైవర్ నిద్రపోతే తనంతట తాను ఆపే బ్రేకు లేదు. కాబట్టి ముందే కనిపెట్టాలి.

మన లైసెన్సు పద్ధతి దీన్ని కనిపెట్టదు. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకి డాక్టర్ ఇచ్చే ఫారం 1ఎ ఒకసారి తీసి చూడండి. 25 మీటర్ల దూరం నుంచి నంబర్ ప్లేటు చదవగలడా, ఎరుపు ఆకుపచ్చ గుర్తుపడతాడా, రేచీకటి ఉందా, చెవులు వినిపిస్తాయా, కాళ్లూ చేతులూ సరిగా ఉన్నాయా అని ఉంటుంది. అన్నీ అవసరమైనవే. గురక గురించి, పగటి నిద్ర గురించి ఒక్క గడి లేదు. ఐరోపా సమాఖ్య 2014లోనే స్లీప్ అప్నియాను డ్రైవింగ్ లైసెన్సు ఆరోగ్య నిబంధనల్లో చేర్చింది. మన రవాణా శాఖ ఆ గడి ఎప్పుడు పెడుతుందో చూస్తూ కూర్చోవాల్సిన పని మీకు లేదు. మీ ఆఫీసులో, మీ రిజిస్టర్లో మీరే పెట్టుకోవచ్చు.

అడగాల్సిన ప్రశ్నలు కూడా తయారుగా ఉన్నాయి. టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ అనే, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్ 2008లో తయారుచేసిన స్టాప్ బ్యాంగ్ అనే పట్టిక ప్రపంచమంతా వాడుతోంది. ఎనిమిదే ఎనిమిది ప్రశ్నలు. తలుపు వేసినా వినిపించేంత గురక ఉందా? పగలు అలసట, నిద్రమత్తు ఉంటోందా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా? స్థూలకాయం ఉందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లకు మించిందా? మగవారా? మూడింటికి అవునంటే అనుమానించాలి, ఐదు గానీ అంతకు మించి గానీ అయితే పరీక్ష తప్పనిసరి అనుకోవాలి. టైలర్ టేపు ఒకటి, బీపీ మిషను ఒకటి ఉంటే చాలు, ఒక్కో మనిషికి ఐదు నిమిషాలు పట్టదు. ఒక జాగ్రత్త చెబుతాను. స్థూలకాయం ప్రశ్నలో వాళ్లు పెట్టిన కొలత మన ఒళ్లకు ఎక్కువ. మనవాళ్లలో బొజ్జ కాస్త ఉండి, దవడ చిన్నగా, వెనక్కి ఉన్న మనుషులకు కూడా ఈ జబ్బు వస్తుంది. బక్కగా ఉన్నాడు కదా అని వదిలేయకండి. మూడో ప్రశ్న మాత్రం డ్రైవర్‌ని అడిగి లాభం లేదు. భార్యను అడగాలి, పెళ్లి కానివాడైతే క్లీనర్‌ని అడగాలి. పక్క సీట్లో పడుకునే క్లీనర్‌కి తెలిసినంత డాక్టర్‌కి కూడా తెలియదు.

అయితే అసలు చిక్కు ఇక్కడ ఉంది. మీరు అడిగితే డ్రైవర్ నిజం చెబుతాడా?

చెప్పడు. గురక ఉందంటే బండి దించేస్తారని భయం. పిల్లల ఫీజులు, చీటీ వాయిదాలు అన్నీ ఆ ట్రిప్పుల మీదే నడుస్తున్నాయి. నా దగ్గరికి వచ్చిన డ్రైవర్లలో చాలామంది మొదట అడిగే మాట "ఈ రిపోర్టు ఓనరు గారికి వెళ్తుందా అమ్మా" అని. పేరు మార్చి పరీక్ష చేయమన్నవాళ్లు కూడా ఉన్నారు. ఇంకొందరు భార్య పోరు పడలేక వచ్చి, రిపోర్టు తీసుకోకుండానే వెళ్లిపోయారు. కాబట్టి మీరు ప్రశ్న అడిగే ముందు ఒక మాట ఇవ్వాలి. గురక ఉన్నా, పరీక్షలో తీవ్రంగా ఉందని తేలినా, పని పోదు. చికిత్స కుదురుకునేదాకా రాత్రి లాంగ్ ట్రిప్పులు ఆపి, పగటిపూట యార్డు షిఫ్టింగో, దగ్గరి డెలివరీలో ఇస్తాం, బత్తా తగ్గనివ్వం. ఈ మాట లేకుండా పట్టిక పంచితే ఎనిమిది గళ్లలోనూ "లేదు" అని రాసి ఇస్తారు. మీకు కాగితం మిగులుతుంది, జబ్బు రోడ్డు మీద తిరుగుతుంది.

ఇది దానధర్మం కోసం అడగడం లేదు. అమెరికాలో ష్నైడర్ అనే పెద్ద లారీ కంపెనీ తన డ్రైవర్లకు తానే పరీక్షలు, చికిత్స ఏర్పాటు చేసింది. ఆ లెక్కలు 2016లో అచ్చయ్యాయి. జబ్బు ఉందని తెలిసి చికిత్స వాడని డ్రైవర్లలో, నివారించదగ్గ తీవ్రమైన యాక్సిడెంట్లు మిగతావాళ్లకంటే ఐదు రెట్లు ఉన్నాయి. చికిత్స వాడినవాళ్లలో మాత్రం జబ్బు లేనివాళ్లతో సమానంగానే ఉన్నాయి. ఇరవై ఏళ్ల అనుభవమున్న డ్రైవర్‌ని పోగొట్టుకోకుండానే ప్రమాదం తగ్గించుకోవచ్చని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు చికిత్స. పరీక్షకు ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోవాలి, లేదా చిన్న మిషను ఇంటికి తీసుకెళ్లి పెట్టుకుని పడుకోవచ్చు. నొప్పి ఉండదు, సూది ఉండదు. ఈఎన్‌టీ డాక్టర్‌నో, ఊపిరితిత్తుల డాక్టర్‌నో కలిస్తే ఎవరికి ఏ పరీక్షో చెబుతారు. ముక్కు దిబ్బడ, టాన్సిల్స్, థైరాయిడ్ లాంటివి ఉన్నాయేమో కూడా చూస్తారు.

జబ్బు స్వల్పంగా ఉంటే అలవాట్లు మార్చుకోవడంతో చాలావరకు దిగుతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది, పక్కకి తిరిగి పడుకోవాలి. నిద్రలో మళ్లీ వెల్లకిలా తిరిగిపోయేవాళ్లు బనియను వెనక జేబు కుట్టించి టెన్నిస్ బంతి పెట్టుకుంటారు, మొరటుగా అనిపించినా కొందరికి బాగా పనిచేస్తుంది. బరువు పది శాతం తగ్గితే ఊపిరి ఆగడం సుమారు పావు వంతు తగ్గుతుందని 2000లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. అంటే 90 కిలోల మనిషి 81కి రావాలి. ధాబా భోజనం, గంటల తరబడి కూర్చునే పని మధ్య అది ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా చెప్పక తప్పదు. ట్రిప్పు దిగాక "ఒళ్లు నొప్పులు పోయి నిద్ర పడుతుంది" అని క్వార్టర్ వేసుకునే అలవాటు గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది. మందు తాగిన రాత్రి ఊపిరి ఎక్కువసార్లు, ఎక్కువసేపు ఆగుతుంది. నిద్ర మాత్రలు కూడా డాక్టర్‌ని అడగకుండా వేసుకోకూడదు. సిగరెట్టు, బీడీ గొంతును వాచేలా చేస్తాయి. ఫోన్లలో కనిపించే గురక ఉంగరాలు, ముక్కు క్లిప్పులు కొని డబ్బు పోగొట్టుకోవద్దని చెప్పండి. నోటికి ప్లాస్టరు అంటించుకోవడం మరీ ప్రమాదం.

మధ్యస్థం, తీవ్రం అయినప్పుడు అన్నిటికంటే నమ్మకంగా పనిచేసేది సీపాప్ మిషను. సిడ్నీలో కాలిన్ సలివన్ అనే డాక్టర్ 1981లో దీన్ని లోకానికి చెప్పారు. చిన్న పెట్టె, గొట్టం, ముక్కుకు మాస్కు. కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపుతుంది, ఆ గాలే గొంతు దారి మూసుకోకుండా పట్టి ఉంచుతుంది. సరిగ్గా కుదిరితే మొదటి రాత్రే గురక ఆగిపోతుంది. కుదరడానికి కొంచెం ఓపిక కావాలి. మొదటి వారం నోరు ఎండుతుంది, మాస్కు పక్కనుంచి గాలి కారుతుంది, విసుగొచ్చి తీసి పారేస్తారు. గుబురు మీసాలున్న డ్రైవర్లకు మామూలు మాస్కు అంటుకోదు, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనుకునే రకం ఇప్పిస్తే మీసం తీయించక్కర్లేదు. ఈ చిన్న విషయం చెప్పేవాళ్లు లేక మిషను అటక ఎక్కించినవాళ్లను చూశాను. ఇలా కుదర్చడం మా టెక్నీషియన్ల పని, రెండు మూడుసార్లు రానిస్తే చాలు.

లారీలో ఎలా అని అడుగుతారు. బండి బ్యాటరీ మీద తగిన కన్వర్టరో ఇన్వర్టరో పెట్టి నడుపుకోవచ్చు, తేమ ఇచ్చే భాగం ఆపేస్తే కరెంటు బాగా తక్కువ తాగుతుంది. ధాబా దగ్గర, ఇంజను ఆపి, మాస్కు పెట్టుకుని పడుకోవచ్చు. ధర అడిగితే, మామూలు సీపాప్ మిషను మీ బండికి వేసే ఒక జత కొత్త టైర్లకు అటూ ఇటూ ఉంటుంది. టైరు అరిగితే ఒక్క రోజు ఆగరు మీరు.

సీపాప్ పడనివాళ్లకు కింది దవడను కొద్దిగా ముందుకు పట్టి ఉంచే నోటి పరికరం ఉంది, దంతాల డాక్టర్ కొలత తీసి చేస్తారు. టాన్సిల్స్ బాగా పెద్దవైనా, అంగిలి దగ్గర కండ అడ్డుగా ఉన్నా కొందరికి ఆపరేషన్ ఉపయోగపడుతుంది. ముక్కు దూలం సరిచేసినంత మాత్రాన అప్నియా పోతుందని ఆశ పెట్టుకోకూడదు, కానీ మాస్కు వాడటం సుఖమవుతుంది. బరువు ఎక్కువై జబ్బు ముదిరినవాళ్లకు టిర్జెపటైడ్ అనే ఇంజక్షన్‌ని 2024 డిసెంబర్‌లో అమెరికా ఆమోదించింది. అది ఖరీదైనది, డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వాడేది అసలే కాదు.

ఒకటి గట్టిగా చెప్పాలి. సీపాప్ మిషనులో ఎన్ని గంటలు వాడారో లెక్క పడుతుంది. ఆ లెక్క డ్రైవర్‌కి, డాక్టర్‌కి సంబంధించినది. దాన్ని చూసి బత్తా కోయడం, అందరిముందూ నిలదీయడం మొదలుపెడితే నెల తిరక్కుండా మిషన్లన్నీ మూలపడతాయి. మీకు కావలసింది "రాత్రి బండి నడపడానికి తగినవాడు" అని డాక్టర్ ఇచ్చే ఒక్క కాగితం. అది అడగండి, చాలు.

ఇంకొకటి, ఏ మిషనూ నిద్రకు బదులు రాదు. 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలకోసారి అరగంట విశ్రాంతి అని చెప్పింది. పారాదీప్ దాకా ఒకే డ్రైవర్‌ని ఏకబిగిన పొమ్మని, ఆలస్యమైతే కిరాయిలో కోస్తూ, ఇటు గురక పరీక్షలు చేయిస్తే అందులో అర్థం లేదు. నిద్ర సుఖమెరగదంటారు, మన డ్రైవర్లు టైరు మీద తల ఆన్చి కూడా పడుకుంటారు. వాళ్లకు పడుకునే టైము ఇవ్వడం మీ పని.

ప్రతి జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాలు జరుగుతాయి. మీలో చాలామంది డ్రైవర్లకు కంటి శిబిరాలు పెట్టిస్తారు, కళ్లజోళ్లు కూడా ఉచితంగా ఇస్తారు. మంచి పని. ఈసారి ఆ కంటి చార్టు పక్కనే ఒక బల్ల వేయండి. టేపు, బీపీ మిషను, తెలుగులో రాసిన ఎనిమిది ప్రశ్నల కాగితం నేను తెస్తాను. నాతో పని చేసేవాళ్లు కూడా వస్తామన్నారు, డబ్బులేమీ అక్కర్లేదు. హిందీ, ఒడియా మాత్రమే వచ్చిన డ్రైవర్లు మీ దగ్గర ఉంటే ముందే చెప్పండి, ఆ భాషల్లో కూడా కాగితాలు తయారు చేయిస్తాం. మీరు చేయాల్సినవి రెండు. పని పోదని యజమానిగా మీరే మైకులో చెప్పాలి, మేస్త్రీ చేతో గుమాస్తా చేతో చెప్పిస్తే వాళ్లు నమ్మరు. ఆదివారం పెట్టి, డ్రైవర్ల ఇంటివాళ్లను కూడా రమ్మనాలి. మూడో ప్రశ్నకు జవాబు వాళ్ల దగ్గరే ఉంది.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక లారీ డ్రైవర్ కూతురు